జత ఎంత?

అలంకార చేపలు అమ్మే దుకాణంలో లెక్కంతా జతల్లో ఉంటుంది. అరటిపళ్లు డజను, గాజులు డజను, చేపలు మాత్రం జత. "ఇవి జత ఎంత?" అని మనం అడుగుతాం. "జత ఇంత" అని అతను చెప్తాడు. వలతో తోడి నీళ్ల కవర్లో వేసేటప్పుడు అందులో ఆడది ఏదో మగది ఏదో అతను చూడడు. చూసినా అంత చిన్న వయసులో చాలా రకాల్లో తేడా తెలియదు. చేతికందినవి రెండు, అంతే. అయినా ఆ మాట తన పని తాను చేసుకుపోతుంది. ఇంటికి తీసుకెళ్లినవాళ్లు పిల్లలకి "ఇది మమ్మీ చేప, ఇది డాడీ చేప" అని పరిచయం చేస్తారు. ఏమంటాడో చూద్దామని ఒకసారి ఒక్కటే ఇవ్వమని అడిగాను. "ఒక్కటి ఇయ్య మేడమ్, తోడు లేకుంటే బెంగతోని చచ్చిపోతది" అన్నాడు. ఆ జాలి నిజమైనదే. కాకపోతే తోడు అనగానే అతనికి రెండు అనే అంకె తట్టింది. మనలో చాలామందికీ అదే తడుతుంది. నాకు పేచీ ఆ అంకెతో.

జతగా బతికే చేపలు లేవని కాదు. ఏంజెల్ చేపలు జతకట్టి గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాస్తాయి. ఫైటర్ చేపల్లో మగదానికి తన జాతివాళ్లెవరూ కంటికి కనిపించకపోవడమే సుఖం. నేను మాట్లాడుతున్నది నియాన్ టెట్రాలు, రాస్బోరాలు, రోజీ బార్బులు, జీబ్రా డానియోలు వంటి చిన్న చేపల గురించి. ఇవి గుంపు చేపలు. నా దగ్గర ఉన్నవి జీబ్రాలు. నాలుగు సెంటీమీటర్ల ఒళ్లు, తల నుంచి తోక దాకా నీలం, లేత బంగారు చారలు. పేరు ఎక్కడిదైనా చేప మాత్రం మన ఉపఖండానిదే. గంగా బ్రహ్మపుత్రల పరీవాహకంలోని చిన్న వాగుల్లో, వరిమళ్ల పక్క కాల్వల్లో, నిదానంగా పారే నీళ్లలో ఉంటుంది. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో అచ్చయిన తన గంగానది చేపల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఇలాంటి సన్నచేపల్ని మన పల్లెల్లో అన్నిటినీ కలిపి పరిగెలు, పరకలు అనేస్తారు. ఒక్కోదానికీ పేరు పెట్టేంత కూర కాదు గనక. మా అమ్మది కృష్ణా డెల్టా. నా అద్దాలపెట్టె మొదటిసారి చూసి, "చింతచిగురేసి పులుసు పెట్టుకునేవాటికి ఇంత వైభోగమా!" అంది. ఆ వెంటనే, "చేపలకైనా జత చూశావు, నీ సంగతేంటే?" అని కూడా అంది. అమ్మ లెక్కలోనూ తోడంటే రెండే.

గుంపు అంటే ఊరికే పక్కపక్కన ఉండటం కాదు. చేపల మీద పనిచేసేవాళ్లు రెండు స్థితుల్ని వేరుచేసి చెప్తారు. ఎవరి పని వారు చేసుకుంటూ కలిసి తిరగడం ఒకటి. అందరూ ఒకే దిక్కుకి, ఒకే వేగంతో, ఒకే ఎడం పాటిస్తూ సాగడం రెండోది. మొదటిదాన్ని గుంపు అనీ, రెండోదాన్ని బారు అనీ అనుకుందాం. నా జీబ్రాలు రోజులో చాలాసేపు గుంపుగా ఉంటాయి. వంటింట్లో గిన్నె కింద పడిందంటే క్షణంలో బారు కడతాయి. ఆ ఎడాన్ని అవి కంటితోనే కాదు, ఒంటితో కూడా కొలుస్తాయి. చేప రెండు పక్కలా పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఉంటుంది. పక్క చేప తోక ఆడిస్తే నీళ్లలో పుట్టే ఒత్తిడి దానికి తగులుతుంది. కళ్లకు గంతలు కట్టినా సెయిత్ అనే సముద్రపు చేపలు గుంపులో కలిసి ఈదగలవని పిచర్, పార్ట్రిడ్జ్, వార్డిల్ అనే పరిశోధకులు 1976లో చూపించారు. చీకటి గదిలో పక్కన పడుకున్న చెల్లెలు నిద్రపోయిందో లేదో మనకి తెలిసిపోవడం లాంటిది ఇది. సాటి చేప ఉనికి దానికి అభిప్రాయం కాదు, అనుభూతి కూడా కాదు, ఇంద్రియానికి అందే విషయం. ఒంటరి చేపకు ఆ ఇంద్రియం ఉంటుంది గానీ అందుకోవాల్సినవాళ్లు ఉండరు.

ఇంకో సంగతి నన్ను మరీ ఆలోచనలో పడేస్తుంది. తేనెటీగల నాట్యాన్ని చదివిన శాస్త్రజ్ఞుడిగా మనకి తెలిసిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో చేపల గురించి ఒక విషయం ప్రకటించాడు. మిన్నో అనే చిన్న చేపకు గాయమైతే దాని చర్మం నుంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుంది. ఆ వాసన తగిలితే మిగతావి బెదిరి పారిపోతాయి. జీబ్రాలకూ ఈ గుణం ఉంది. గాయపడినదానికి దానివల్ల ఏం లాభమన్నది ఇప్పటికీ చర్చే. 2017లో పోర్చుగల్ పరిశోధకులు కొందరు ఈ భయపు వాసనని జీబ్రాలకు తగలనిచ్చి చూశారు. ఒంటరిగా ఉన్నది బిగుసుకుపోయింది. అదే వాసన తగిలినా అద్దానికి అవతల తన జాతి గుంపు కనిపిస్తూ ఉంటే భయం తగ్గింది. గుంపు దాన్ని కాపాడలేదు, దగ్గరికి కూడా రాలేదు. ఊరికే కనిపించింది.

ఈ జ్ఞానమంతా చేపల్ని భయపెట్టి సంపాదించినదేనని మరవకూడదు. జార్జ్ స్ట్రైసింగర్ 1981లో జీబ్రా చేపల క్లోనింగ్ గురించి రాసిన తర్వాత ఈ పరక ప్రపంచ ప్రయోగశాలలన్నిటికీ ఇష్టమైన ప్రాణి అయింది. ఒంటరితనం దీన్ని ఏం చేస్తుందో మనకి ఇంత బాగా తెలియడానికి కారణం కొన్నిటిని పట్టి ఒంటరిగా ఉంచడమే. స్త్రీల మానసిక ఆరోగ్యం గురించి పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు రాసిపెట్టినవి చదివేటప్పుడు కలిగే ఇబ్బందే ఇక్కడా కలుగుతుంది. అయితే తెలిశాక తెలియనట్టు ఉండటం కుదరదు కదా.

ఇక జత సంగతి. గుంపు చేపల్ని రెండింటిని మాత్రమే ఒక పెట్టెలో వేస్తే ఏమవుతుంది? సాధారణంగా ఒకటి పెత్తనం చేస్తుంది, రెండోది మూల వెతుక్కుంటుంది. జీబ్రాల్లో పై చెయ్యి, కింద చెయ్యి ఉంటాయి. ఆడవాటిలోనూ ఉంటాయి, అందులో మనం మురిసిపోయేదేం లేదు. పది ఉన్నచోట ఆ తరుముడు పది మీదా పంచుకుపోతుంది. ఎవరి మీదా పూర్తిగా పడదు. రెండే ఉన్నచోట తరిమేదానికి వేరే పని లేదు, పారిపోయేదానికి వేరే చాటు లేదు. అందుకే అనుభవం ఉన్న పెంపకందార్లు కనీసం ఆరు ఉండాలంటారు, పది అయితే మేలంటారు. దుకాణంలో జాలితో ఇచ్చే జత ఈ చేప విషయంలో ఒంటరితనానికి మందు కాదు. కొన్నిసార్లు ఒంటరితనం కన్నా హీనం. ఈ వాక్యం రాస్తుంటే నాకు చేపలు కాక ఇంకెవరెవరో గుర్తొస్తున్నారు, మీకూ గుర్తొస్తూ ఉండవచ్చు. కానీ ఆ పోలిక దగ్గర కాస్త ఆగాలి.

ఎందుకంటే మన సాహిత్యంలో ఇంట్లో పెంచే ప్రాణి ఎప్పుడూ మన గురించి చెప్పడానికే వచ్చింది. పంజరంలో చిలక మనమే. అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు'లో కుండీలో కుదించిన చెట్టు మనమే. ఆ కథ మనకి చేసిన మేలు చిన్నది కాదు. నా పరిశోధన స్త్రీల కథల్లో ఇంటి ఆవరణ మీద కాబట్టి ఆ కథని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అయితే ఆ చెట్టు చెట్టుగా ఏం కోల్పోయిందని అడగడానికి ఆ కథలో చోటు లేదు. అది ఛాయాదేవి గారి లోపం కాదు, ఆ కథకి అప్పుడు వేరే పని ఉంది. ఇప్పుడు మనం ఆ ప్రశ్న అడగగలం. గాజుతొట్టిలో చేపని చూసి "అచ్చం నాలాగే" అని కవిత రాసుకున్న క్షణంలో ఆ చేప నా కళ్ల ముందు నుంచి మాయమైపోతుంది, అద్దంలో నేను మాత్రమే మిగులుతాను. మగ కవులు మనల్ని పువ్వులు, నదులు చేసినప్పుడు మనకి కోపం వచ్చింది ఇందుకే. కాబట్టి పోలికని తలకిందులు చేసి చూస్తున్నాను. చేప నాలాంటిదని కాకుండా, ఆ చేప విషయంలో నా స్థానం ఏమిటని. ఆ పెట్టె ముందు నేను పంజరంలో చిలకని కాను. ఇంటి యజమానిని.

యజమాని స్థానంలో నిలబడితే నోట్లోకి తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది: "నీకేం తక్కువైంది?" తిండికి తక్కువా, బట్టకి తక్కువా, నెత్తిన నీడ లేదా? ఈ ప్రశ్న ఎదుర్కోని తెలుగు ఆడది ఉండదేమో. ఉమ్మడి కుటుంబంలో ఏడ్చిన కోడలిని అడిగారు. అమెరికాలో హెచ్-4 వీసా మీద వెళ్లి, 2015 దాకా ఉద్యోగం చేసే వీలు చట్టరీత్యా లేక, రోజంతా అపార్ట్‌మెంట్లో ఒక్కతే గడిపిన చదువుకున్న అమ్మాయిల్ని ఫోన్లో అడిగారు. ఆ ప్రశ్నలో మోసం ఏమిటంటే అది నిజాయితీగా వేసేదే. అడిగేవాళ్లు నిజంగానే అన్నీ ఇచ్చారు. తాము ఇవ్వగలిగినవన్నీ ఇచ్చారు. ఇవ్వడం వాళ్ల చేతుల్లో లేనిది ఒకటి ఉందని వాళ్లకి తట్టదు, తడితే వాళ్ల ప్రేమకే అవమానంలా ఉంటుంది.

నా చేపలకి నేను ఇవ్వగలిగినవి చాలా ఉన్నాయి. వారానికి ఒకసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే మందు కలుపుతాను. చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి, అది వాటికే విషం. ఫిల్టర్లో స్థిరపడిన బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త పెట్టెలో ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఓపిక పట్టని ప్రేమ చేపల్ని చంపేస్తుంది. సంరక్షణ నీతి గురించి జోన్ ట్రోంటో 1993లో రాసిన పుస్తకంలో ఇది నాకు బాగా నచ్చిన సంగతి. ఆవిడ శ్రద్ధ, బాధ్యత అని ఊరుకోకుండా చేతనవడాన్ని కూడా నైతిక గుణాల్లో చేర్చింది. సదుద్దేశం సరిపోదు, పని వచ్చి ఉండాలి. ఇంకా, సంరక్షణ అందుకునేవాళ్ల స్పందన కూడా అందులో భాగమే అంటుంది. ఆడవాళ్లు వందల ఏళ్లుగా చేసిన పనికి తత్వశాస్త్రంలో ఆలస్యంగా దొరికిన గౌరవం అది.

కానీ ట్రోంటో దగ్గర కూడా చూపు ఎక్కువగా ఇచ్చేవాళ్లకీ అందుకునేవాళ్లకీ మధ్యే తిరుగుతుంది. అదీ ఒకరకంగా జతే. చూసేవారు, చూడబడేవారు. నా జీబ్రా విషయంలో ఆ జత చాలదు. దానికి కావలసిన అతి ముఖ్యమైనది నా దగ్గర లేదు. నేను ఎంత ప్రేమించినా జీబ్రాని కాలేను. పెట్టె దగ్గరికి వెళితే అవి అద్దం దగ్గరికి వస్తాయి, మేత కోసం. నా వేలిని గుర్తుపడతాయని నేనూ మురిసిపోతాను. గిన్నె కింద పడినప్పుడు మాత్రం అవి నా వైపు రావు, ఒకదాని వైపు ఒకటి వెళతాయి. నా సంరక్షణ అసలు పరీక్ష ఇక్కడే అనిపిస్తుంది. నేను ఏమిచ్చానన్నది కాదు, నాకు చోటు లేని బంధాన్ని వాటికి ఉండనిచ్చానా అన్నది. చాలా ప్రేమలు ఓడిపోయేది ఇక్కడే. పెళ్లయ్యాక స్నేహితురాళ్లు ఎందుకని అడిగే భర్త, "మేం లేమా" అని నొచ్చుకునే అత్తగారు, దుర్మార్గులే కానక్కర్లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. గుంపుని మరీ అందంగా చూస్తున్నానేమో. డబ్ల్యు. డి. హామిల్టన్ అనే జీవశాస్త్రజ్ఞుడు (1822 నాటి హామిల్టన్‌కీ ఈయనకీ పేరు ఒక్కటే కలిసింది) 1971లో గుంపుకి స్వార్థమే మూలమని ప్రతిపాదించాడు. వేటాడే జంతువుకీ తనకీ మధ్య ఇంకొకరు ఉండేలా ప్రతి ఒక్కటీ లోపలికి జరుగుతుంది. అందరూ అలా జరగడమే గుంపు. అంచున ఉన్నది పోతుంది, నడుమ ఉన్నది బతుకుతుంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. మన సంఘాల్లో కూడా అంచున నిలబడి దెబ్బలు తిన్నవాళ్లు ఎవరో, నడుమ క్షేమంగా ఉన్నవాళ్లు ఎవరో దళిత స్త్రీలు ఎప్పుడో చెప్పారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' సంకలనం చదివాక 'మనం' అనే మాట మునుపటంత తేలిగ్గా వాడలేకపోయాం. అయితే హామిల్టన్ వాదం గుంపు అవసరాన్ని కొట్టేయదు, దాని మీద ఉన్న పవిత్రతని మాత్రం తీసేస్తుంది. అది మంచిదే. సాటివాళ్లు మంచివాళ్లయితేనే సాటివాళ్లు కావాలనే షరతు మగవాళ్ల స్నేహాలకి ఎవరూ పెట్టలేదు.

సాటి అంటే ఎవరన్నది ఇంకో ప్రశ్న. 2004లో ఎంజెసర్, రయాన్, పారిషీ అనే పరిశోధకులు జీబ్రా పిల్లల్ని చారల్లేని రకం చేపల మధ్య పెంచారు. పెద్దయ్యాక వాటికి గుంపుని ఎంచుకునే వీలిస్తే, తమలాంటి చారలున్నవాటి వైపు కాకుండా తాము ఎవరి మధ్య పెరిగాయో వాళ్ల వైపు వెళ్లాయి. ఒంటరిగా పెంచినవాటికి ఆ మొగ్గు ఏర్పడలేదు. అంటే ఈ చిన్న చేపకి కూడా 'మనవాళ్లు' పుట్టుకతో రారు, కలిసి బతకడంతో వస్తారు. ప్రయోగం చేపల మీద కాబట్టి దాన్నుంచి కులం గురించి సిద్ధాంతాలు లాగను. కానీ "వాళ్లు వాళ్ల వాళ్లతోనే ఉంటారు, అది ప్రకృతి" అనే మాటకి కనీసం చేపల్లో ఆధారం వెతుక్కోవద్దని చెప్పగలను.

చాకిరీ గురించి కూడా ఒక మాట. ఈ అద్దాలపెట్టెని మొదట తయారుచేసుకున్న ఖ్యాతి ఒక స్త్రీదే. జాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్స్‌లో పల్లెటూరి పిల్ల, పారిస్ వచ్చి బట్టలు కుట్టే పనిలో చేరింది. పెళ్లయి సిసిలీలోని మెస్సినాకి వెళ్లాక ప్రకృతి శాస్త్రం తనంతట తను నేర్చుకుంది. ఆర్గోనాట్ అనే సముద్రజీవి తన గవ్వని తానే కట్టుకుంటుందా, ఇంకొకరిది దొంగిలిస్తుందా అన్నది అప్పట్లో తేలని చర్చ. బతికి ఉన్నదాన్ని చూస్తే తప్ప తేలదని ఆమె 1832 ప్రాంతంలో గాజుపెట్టెలు చేయించింది. తానే కట్టుకుంటుందని తేల్చింది. ఆ గవ్వ కట్టేది ఆడ ఆర్గోనాట్ మాత్రమే. ఇది మనం గర్వంగా చెప్పుకునే కథ. దీని పక్కనే ఇంకొకటి ఉంది. లండన్‌లో అనా థిన్ అనే ఆవిడ 1846లో టార్కీ తీరం నుంచి తెచ్చిన పగడాల్ని ఇంట్లో ఏళ్ల తరబడి బతికించింది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గకుండా ఆ నీళ్లని కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి రోజూ అరగంటకు పైగా పోయాలి. ఆ పని చేసింది పనిమనిషి. థిన్ పేరు చరిత్రలో ఉంది. ఎయిర్ పంప్ లేని రోజుల్లో ఎయిర్ పంప్ అయిన ఆ అమ్మాయి పేరు లేదు. నేను సెమినార్లకి ఊరు వెళ్లినప్పుడు మా ఇంట్లో పనిచేసే ఆవిడే చేపలకి మేత వేస్తుంది. దానికి విడిగా డబ్బిస్తాను. మొదట్లో వద్దంది, "రెండు గింజలు ఏసుడు గూడ పనేనా అమ్మా" అని. పనే. ఎక్కువ వేయకుండా వేయడం ఇంకా పెద్ద పని.

అసలు పెట్టెలో పెట్టడమే తప్పు కదా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు. లిన్ స్నెడన్ 2003లో ట్రౌట్ చేపల మీద చేసిన పరిశోధన, విక్టోరియా బ్రైత్‌వైట్ 2010లో రాసిన పుస్తకం చేపలకి బాధ ఉందనడానికి గట్టి వాదన నిలబెట్టాయి. ఇద్దరూ స్త్రీలు కావడం యాదృచ్ఛికమో కాదో. నేను చేపల కూర తింటాను, మృగశిర కార్తె రోజు తప్పకుండా తింటాను. తినేదాని చావుకి నేను బాధ్యురాలిని. పెంచేదాని బతుకుకి, రోజుకి ఇరవై నాలుగ్గంటల చొప్పున, బాధ్యురాలిని. రెండోది ఎక్కువ బరువు అనిపిస్తుంది. స్విట్జర్లాండ్ 2008లో తెచ్చిన జంతు సంరక్షణ నిబంధనలు సంఘజీవులైన జంతువులకి తోటి జాతి సాంగత్యం ఉండాలన్నాయి. మార్తా నుస్‌బామ్ 2006లో తన సామర్థ్యాల సిద్ధాంతాన్ని జంతువులకి విస్తరించినప్పుడు అడిగినదీ దగ్గర్లో ఉండేదే: ఆ జాతి తన తీరున వికసించడానికి వీలుందా? పది జీబ్రాలు మూడడుగుల పెట్టెలో వికసిస్తాయని నేను చెప్పను. వాగు వాగే. కానీ దుకాణంలోని జీబ్రా దాదాపు ఎప్పుడూ పెంపకపు చెరువులో పుట్టినదే, దానికి వెళ్లడానికి వాగు లేదు. తీసుకెళ్లి హుస్సేన్‌సాగర్‌లో వదిలితే అది స్వేచ్ఛ కాదు. దుకాణాల్లో సక్కర్ అని అమ్మే చేపని పెద్దదయ్యాక జాలిపడి వదిలేస్తే ఏమైందో మన చెరువుల్లో వలలు చినిగిన జాలర్లని అడగాలి. అన్ని రకాలకీ ఒకే తీర్పు చెప్పడమూ కుదరదు. కార్డినల్ టెట్రాలు ఒకప్పుడు చాలావరకు బ్రెజిల్‌లోని రియో నీగ్రో నదిలో పట్టినవే. బార్సెలోస్ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు ఆ చేపలు పట్టే పని మీద బతికాయి, ఆ పని ఉన్నంతకాలం అడవి కొట్టే అవసరం తగ్గుతుందన్న వాదన ఉంది. మన పడమటి కనుమల్లోని డెనిసన్ బార్బ్ కథ దానికి ఎదురు. అలంకార చేపల వ్యాపారానికి పట్టీ పట్టీ దాన్ని అంతరించే జాబితాకి దగ్గర చేశాం.

సరే, మొదలుపెట్టడం ఒక ప్రశ్న. ఆపడం ఇంకా కష్టమైనదని ఈ రెండేళ్లలో తెలిసింది. పదింటితో మొదలుపెట్టాను. జీబ్రాల ఆయువు సాధారణంగా మూడేళ్లు, బాగా సాగితే ఐదు. అన్నీ ఒకరోజు పోవు. ఒక్కొక్కటే వయసు మీదపడి, వెన్ను వంగి, ఫిల్టర్ ధార నుంచి పక్కకి తప్పుకుని వెళ్లిపోతున్నాయి. ఇప్పుడు మూడున్నాయి. ఇంక చేపలు పెంచకూడదని నేను నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయానికి అడ్డు ఈ మూడే. గుంపు చేపని పెంచేవాళ్లు న్యాయంగా ఆగలేరు. ఆగిపోవాలంటే చివరిదాన్ని ఒంటరిగా చావనివ్వాలి. దానికి తోడుగా ఇంకో ఆరు తెస్తే, ఆ ఆరులో చివరిదానికి మళ్లీ ఇంకో ఆరు. కుక్క అయితే, పిల్లి అయితే దాని చావుతో మన బాధ్యత తీరుతుంది. గుంపుకి చావు లేదు, తగ్గడమే ఉంది. గుంపుని మొదలుపెట్టడమంటే నా ఆయువు కన్నా పొడుగైన మాట ఇవ్వడమని ఏ దుకాణంలోనూ చెప్పరు. పని చేసే ఆవిడ మొన్న పెట్టె తుడుస్తూ, "గిది ఆఖర్న ఒక్కతే ఎట్లుంటదమ్మా?" అంది. ఏ పుస్తకమూ అంత సూటిగా అడగలేదు.

నలభైకి దగ్గరపడుతున్న ఒంటరి స్త్రీలం మేము నలుగురైదుగురం కలిసినప్పుడల్లా ముసలితనంలో ఒకే ఇంట్లో ఉందామని అనుకుంటాం. ఏ ఊళ్లో, ఎవరి డబ్బుతో, ముందు ఎవరు మంచాన పడితే ఎవరు చూస్తారు, అన్నీ మాట్లాడతాం. ఎవరూ అడగని ప్రశ్న ఒకటే, ఆఖర్న మిగిలేది ఎవరని. అడిగితే ఆ ఇల్లు కట్టకముందే కూలిపోతుందని భయమేమో. ఇల్లు కావాలంటే కొత్తవాళ్లు, మాకన్నా చిన్నవాళ్లు, వస్తూ ఉండాలి. వాళ్లు ఎందుకు రావాలి? చేపల్నయితే కవర్లో తెచ్చి వేస్తాం, అడగం.

వేరే విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పే స్నేహితురాలి ఇంట్లో నాలుగడుగుల పెట్టె ఉంది, అందులో ఐదు జీబ్రాలు. ఆవిడా కొత్తవి తేవడం మానేసింది. కారణం వేరు, ఆవిడకి పిల్లల చదువులు, బదిలీ. నా మూడూ ఆమె ఐదూ కలిస్తే ఎనిమిది. అది కొన్నాళ్లకి మళ్లీ మూడవుతుంది, అప్పటికి ఇంకెవరి దగ్గర మిగిలినవి ఉన్నాయో వెతకాలి. కొత్తగా ఒక్కటి కూడా కొనకుండా, తగ్గుతున్న గుంపుల్ని ఒకదానిలో ఒకటి కలుపుకుంటూ పోవడం సాధ్యమేనా అని ఇద్దరం లెక్కలు వేస్తున్నాం. పెంచేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కుదిరే పని కాదు. ముందు రెండు వారాలు నా మూడింటినీ రోగాలేమైనా ఉన్నాయేమో విడిగా పెట్టి చూడాలంది ఆవిడ, ముసలివాటికి అది ఇంకా ముఖ్యమట. ఆవిడ పెట్టెకి మూత లేదు. జీబ్రాలు ఎగిరి కింద పడతాయి, ముసలివైనా సరే. ముందు మూత చేయించమన్నాను. అద్దాలు కోసే అతనికి కొలతలు ఇచ్చి వచ్చానని నిన్న ఫోన్ చేసింది.